అమెరికా దరఖాస్తులకు ‘బ్యాంకు చెక్కు’ చెల్లదిక
రుసుము చెల్లింపులో పొరపాటు జరిగితే తిరుగుటపాలోనే దరఖాస్తు
గడువు దాటితే చదువుకూ, కొలువుకూ చిక్కులే

గచ్చిబౌలి: గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కొండాపూర్, మాదాపూర్ పరిసరాల్లో అమెరికాతో ఏదో ఒక సంబంధం లేని ఇల్లు అరుదు. ఒకరి కుమారుడు అక్కడ ఎమ్మెస్ చదువుతుంటే, మరొకరి కుమార్తె హెచ్1బీ వీసాపై ఉద్యోగం చేస్తుంటుంది. ఇంకొకరి అల్లుడు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురు చూస్తుంటారు. ఈ ప్రయాణంలో ప్రతి మెట్టు వద్దా రుసుము కట్టాల్సిందే. ఎంత కట్టాలో అందరూ ముందే ఆరా తీస్తారు. ఏ రూపంలో కట్టాలన్న విషయాన్ని మాత్రం చివరి రోజు వరకూ పట్టించుకోరు. చిక్కంతా అక్కడే వస్తోంది.

అమెరికాలో వలస దరఖాస్తులను పరిశీలించే పౌరసత్వ, వలస సేవల సంస్థ (యూఎస్‌సీఐఎస్) 2025 అక్టోబరు 28 తర్వాత కాగితపు చెల్లింపులకు స్వస్తి పలికింది. వ్యక్తిగత చెక్కు, మనియార్డరు, క్యాషియర్స్ చెక్కు... ఈ మూడింటిలో ఏది జతచేసి పంపినా, ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప దరఖాస్తును స్వీకరించడం లేదు. ఎన్నో ఏళ్లుగా తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ‘అన్నింటికన్నా భద్రం’ అని నమ్ముకున్న క్యాషియర్స్ చెక్కు ఈ మార్పుతో పక్కకు తప్పుకొంది. అన్నలో, స్నేహితులో అయిదేళ్ల కిందట చెప్పిన సలహాను ఇప్పుడు పాటిస్తే నష్టపోయే ప్రమాదముంది.

క్యాషియర్స్ చెక్కు అంటే...
మన దగ్గర బ్యాంకర్స్ చెక్కు లేదా పే ఆర్డరు ఎలాంటిదో, అమెరికాలో క్యాషియర్స్ చెక్కు అలాంటిది. మామూలు చెక్కును ఖాతాదారు తన ఖాతాపై రాస్తారు. ఖాతాలో సొమ్ము లేకపోతే అది వెనక్కి వస్తుంది. క్యాషియర్స్ చెక్కును బ్యాంకు తన మీద తానే రాసుకుంటుంది. కొనుగోలుదారు నుంచి సొమ్మును ముందుగానే వసూలు చేసుకుని, ఆ తర్వాతే చెక్కు చేతికిస్తుంది. చెల్లించాల్సిన బాధ్యత బ్యాంకుదే కనుక ‘సొమ్ము లేదు’ అని తిరిగి రావడమన్నది ఉండదు.

మన డిమాండ్ డ్రాఫ్టు (డీడీ) కూడా ఇదే కుటుంబానికి చెందింది. ఒక బ్యాంకు శాఖ తన మరో శాఖపై రాసే ఆదేశమే డీడీ. మన దేశంలో రూ.50 వేలు, అంతకు మించిన డీడీని నగదుకు ఇవ్వరు. ఖాతా నుంచి సొమ్ము మళ్లించాల్సిందే. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కులు, డీడీల చెల్లుబాటు గడువును రిజర్వు బ్యాంకు ఆరు నెలల నుంచి మూడు నెలలకు కుదించింది. 2018 సెప్టెంబరు 15 నుంచి డీడీపై దాన్ని కొన్నవారి పేరు కూడా ముద్రించాలన్న నిబంధన తెచ్చింది.

అయితే హైదరాబాద్‌లో తీసిన రూపాయల డీడీ అమెరికా వలస కార్యాలయంలో ఏనాడూ చెల్లలేదు. చెక్కు ఏదైనా సరే, అమెరికాలోని బ్యాంకుపై రాసినదై, అమెరికా డాలర్లలో చెల్లేదై ఉండాలన్నది అక్కడి నియమం. అందుకే ఇక్కడి తల్లిదండ్రులు ముందుగా పిల్లల ఖాతాకు సొమ్ము పంపేవారు. వారు అక్కడి బ్యాంకుకు వెళ్లి క్యాషియర్స్ చెక్కు తీసుకునేవారు.

ఎందుకంత ఆదరణ?
కొత్తగా అమెరికా చేరిన విద్యార్థికి బ్యాంకు ఖాతా ఉన్నా చెక్కు పుస్తకం ఉండేది కాదు. పుస్తకం కోసం సొమ్ము చెల్లించి, రోజుల తరబడి వేచి ఉండాలి. క్యాషియర్స్ చెక్కయితే కౌంటరు వద్దే నిమిషాల్లో చేతికొస్తుంది. పోస్టాఫీసు మనియార్డరూ తేలికే. కానీ అక్కడి తపాలా శాఖ ఒక్కో మనియార్డరును 1,000 డాలర్లకు మించి ఇవ్వదు. అంతకు మించిన రుసుముకు రెండు మూడు మనియార్డర్లు జత చేయాల్సి వచ్చేది.

వ్యక్తిగత చెక్కు వెనక్కి వస్తే దరఖాస్తే చిక్కుల్లో పడుతుందన్న భయం మరో కారణం. పేదింటి నుంచి వెళ్లిన విద్యార్థి ఖాతాలో అద్దె, కిరాణా ఖర్చులు పోగా మిగిలేది అంతంత మాత్రమే. సొమ్మును ముందే విడదీసి బ్యాంకు చేతిలో పెడితే నిశ్చింతగా ఉండవచ్చని భావించేవారు.

అందులోనూ లోపాలు
క్యాషియర్స్ చెక్కుకు రెండు లోపాలుండేవి. మొదటిది ఆచూకీ. వ్యక్తిగత చెక్కును వలస కార్యాలయం మార్చుకున్నాక, దాని వెనుక వైపు దరఖాస్తు రశీదు సంఖ్యను ముద్రించేవారు. ఖాతాదారు ఇంటర్నెట్‌లో చెక్కు నకలు తెరిచి, తపాలాలో రశీదు రాకముందే ఆ సంఖ్యను చూసుకోగలిగేవారు. క్యాషియర్స్ చెక్కు బ్యాంకు ఖాతాపై రాసినది కనుక నకలు కొన్నవారికి కనిపించదు. బ్యాంకును ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవాల్సి వచ్చేది.

రెండోది, చెక్కు పోతే సొమ్ము వెంటనే తిరిగి రాకపోవడం. అమెరికా వాణిజ్య చట్టాల ప్రకారం, చెక్కు పోయిందని వాంగ్మూలం ఇచ్చినా చెక్కు తేదీ నుంచి 90 రోజులు గడిచేవరకు సొమ్ము తిరిగి కోరే హక్కు అమలులోకి రాదు. మూడు నెలలు సొమ్ము చిక్కుకుపోతే, ఆ లోగా గడువు ముంచుకొస్తే, మరోసారి అంత మొత్తం సమకూర్చుకోవడం విద్యార్థులకు పెనుభారం.

2007 జులై జ్ఞాపకం
చెక్కుకూ రశీదుకూ ఉన్న బంధం ఎంత ఉత్కంఠ రేపిందో 2007 వేసవిలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసిన తెలుగువారికి తెలుసు. ఆ జులై వీసా బులెటిన్‌లో ఉద్యోగ ఆధారిత కోటాలు దాదాపు అన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. జులై 2న వాటిని మూసివేస్తున్నట్లు ప్రకటించారు. నిరసనలు వెల్లువెత్తడంతో ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరిస్తామని జులై 17న తెలిపారు. ఈ మధ్యలోనే, జులై 30 నుంచి ఐ-485 దరఖాస్తు రుసుము 325 డాలర్ల నుంచి 930 డాలర్లకు పెరిగింది. జులై బులెటిన్ కింద పంపేవారికి మాత్రం ఆగస్టు 17 వరకు పాత రుసుమే చెల్లింది. లక్షల్లో వచ్చిపడిన దరఖాస్తులతో రశీదులు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. ఇచ్చిన చెక్కు సొమ్ముగా మారిందా లేదా అన్నదే అప్పట్లో దరఖాస్తు అందిందనడానికి తొలి ఆధారం.

విద్యార్థులదీ అదే అవస్థ
విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు 2004 సెప్టెంబరు 1 నుంచి 100 డాలర్ల రుసుము విధించారు. అప్పటికి అంతర్జాతీయ క్రెడిట్ కార్డున్న తెలుగు కుటుంబాలు తక్కువ. కార్డు లేనివారు అమెరికా బ్యాంకుపై చెల్లే డాలర్ డ్రాఫ్టు తీసి తపాలాలో పంపాల్సి వచ్చేది. ఆ తర్వాత వెస్ట్రన్ యూనియన్ ద్వారా కట్టే వీలు కలిగింది. ఈ రుసుము 2008 అక్టోబరు 27 నుంచి 200 డాలర్లకు, 2019 జూన్ 24 నుంచి ఎఫ్1 విద్యార్థులకు 350 డాలర్లకు పెరిగింది.

ఎందుకు మార్చారు?
ప్రభుత్వ చెల్లింపులు, వసూళ్లను ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చాలని 2025 మార్చి 25న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. ఎలక్ట్రానిక్ బదిలీతో పోలిస్తే ఖజానా చెక్కులు పోవడం, దొంగల పాలవడం, దిద్దుబాటుకు గురికావడం వంటివి 16 రెట్లు ఎక్కువని అందులో పేర్కొన్నారు. కాగితపు చెల్లింపుల ఏర్పాట్లకు 2024 ఆర్థిక సంవత్సరంలో 65.7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందనీ తెలిపారు. దాన్ని అనుసరించి యూఎస్‌సీఐఎస్ ఆగస్టులో కొత్త విధానాన్ని ప్రకటించింది. అప్పటికి ఆ సంస్థకు వస్తున్న చెల్లింపుల్లో 90 శాతానికి పైగా చెక్కులు, మనియార్డర్లేనని వెల్లడించింది. అక్టోబరు 28 వరకు పాత, కొత్త పద్ధతులు రెండింటినీ అనుమతించి, ఆ తర్వాత పాత దారి మూసివేసింది.

ఇప్పుడెలా కట్టాలి?
ఇంటర్నెట్‌లో దరఖాస్తు చేసేవారికి పెద్ద ఇబ్బంది లేదు. చివరి మెట్టులో కార్డు ద్వారాగానీ, అమెరికా బ్యాంకు ఖాతా నుంచిగానీ సొమ్ము చెల్లించవచ్చు. తపాలాలో పంపేవారికి రెండు మార్గాలున్నాయి.

ఒకటి, జి-1650 ఫారం. దీనిలో అమెరికా బ్యాంకు ఖాతా సంఖ్య, బ్యాంకు రూటింగ్ సంఖ్య రాసి సంతకం చేస్తే, సంస్థే ఆ ఖాతా నుంచి సొమ్ము తీసుకుంటుంది. మన దగ్గర నెలవారీ వాయిదాలు బ్యాంకు ఖాతా నుంచి వాటంతటవే వెళ్లేందుకు ఇచ్చే అనుమతి పత్రం లాంటిదే ఇది. కాకపోతే ఒక్కసారికే వర్తిస్తుంది.

రెండోది, జి-1450 ఫారం. ఇది కార్డు చెల్లింపునకు ఉద్దేశించింది. ఆ కార్డు అమెరికా బ్యాంకు జారీ చేసినదై ఉండాలి. హైదరాబాద్ బ్యాంకు ఇచ్చిన కార్డు వివరాలు ఇందులో రాసి పంపితే ప్రయోజనం ఉండదు. దరఖాస్తుదారు కార్డే కానక్కరలేదు. అక్కడున్న బంధువుగానీ, స్నేహితుడుగానీ తన కార్డు వివరాలు రాసి సంతకం చేసి ఇవ్వవచ్చు.

బ్యాంకు సేవలు, ఎలక్ట్రానిక్ చెల్లింపులు అందుబాటులో లేనివారు జి-1651 ఫారం ద్వారా మినహాయింపు కోరవచ్చు. అది అసాధారణ పరిస్థితులకే పరిమితం. చేతిలో చెక్కు ఉందన్న కారణంతో మినహాయింపు లభించదు.

తప్పు జరిగితే...
రుసుము తక్కువైనా, ఎక్కువైనా, చెల్లని రూపంలో ఉన్నా దరఖాస్తు తిరిగి వస్తుంది. అలా తిరిగొచ్చిన దరఖాస్తుకు తొలిసారి పంపిన తేదీ దక్కదు. మళ్లీ పంపి, అది అందిన నాడే లెక్కలోకి వస్తుంది. అసలు నష్టం ఇక్కడే ఉంది.

ఉదాహరణకు ఎమ్మెస్ పూర్తిచేసిన విద్యార్థి ఉద్యోగ శిక్షణ అనుమతి (ఓపీటీ) కోసం ఐ-765 దరఖాస్తు చేయాలి. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల లోపు అది అందాలి. కళాశాల అధికారి సిఫారసు నమోదు చేసిన 30 రోజుల లోపు కూడా అంది తీరాలి. ఆఖరి వారంలో చెక్కు జతచేసి పంపితే, తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతుంది. లక్షల రూపాయల అప్పుతో చదివిన చదువుకు ఉద్యోగానుభవం అందకుండా పోతుంది. ఇదే దరఖాస్తును ఇంటర్నెట్‌లో చేస్తే 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 470 డాలర్లు. తపాలాలో పంపితే 520 డాలర్లు. ఇంటర్నెట్ మార్గంలో 50 డాలర్లు మిగలడమే కాక, రశీదు కూడా త్వరగా వస్తుంది.

గ్రీన్‌కార్డు చివరి దశలో వేసే ఐ-485కు అదే పట్టికలో పెద్దలకు 1,440 డాలర్లు. తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసే 14 ఏళ్ల లోపు పిల్లలకు 950 డాలర్లు. అంటే భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబానికి 4,780 డాలర్లు. మొత్తాన్ని ఒకే చెల్లింపుగా కట్టకూడదు. ఏ దరఖాస్తుకు ఆ దరఖాస్తుకే విడిగా చెల్లింపు పత్రం జత చేయాలి. ఒక్కదానిలో పొరపాటున్నా కుటుంబంలో ఒకరి దరఖాస్తు వెనుకబడే అవకాశముంది.

ఏ రుసుము ఎవరికి?
చాలామంది ‘వీసా ఫీజు’ అన్న ఒక్క మాటతో అన్నింటినీ కలిపేస్తారు. నిజానికి ఈ సొమ్ము వేర్వేరు ఖజానాలకు చేరుతుంది. కట్టే పద్ధతీ వేరే.

* వీసా ఇంటర్వ్యూ రుసుము: ఇది అమెరికా విదేశాంగ శాఖకు చెందింది. మన దేశంలోనే, రూపాయల్లో కట్టాలి. 2023 జూన్ 17 నుంచి విద్యార్థి, సందర్శక వీసాలకు 185 డాలర్లు, హెచ్, ఎల్ తరగతులకు 205 డాలర్లకు సమానమైన మొత్తంగా నిర్ణయించారు. వీసా వచ్చినా, రాకున్నా తిరిగివ్వరు. ఒకరు కట్టింది మరొకరికి బదలాయించరు.

* సెవిస్ రుసుము: విద్యార్థులు ఇంటర్వ్యూకు ముందే ఇంటర్నెట్ ద్వారా విడిగా కట్టుకోవాలి. వీసా రుసుములో ఇది కలిసి ఉండదు.

* వలస దరఖాస్తుల రుసుము: అమెరికాలోని యూఎస్‌సీఐఎస్‌కు చేరేది. క్యాషియర్స్ చెక్కు రద్దయింది దీనికే.

* ఇమిగ్రెంట్ రుసుము: శాశ్వత నివాస వీసా ముద్రించుకుని వెళ్లేవారు యూఎస్‌సీఐఎస్‌కు కట్టే ఈ సొమ్ము 2024 ఏప్రిల్ నుంచి 235 డాలర్లు. ఇంటర్నెట్‌లోనే కట్టాలి. వీసా చేతికొచ్చాక, విమానం ఎక్కకముందే కట్టడం మేలు. ఇది కట్టేవరకు గ్రీన్‌కార్డు తయారుచేసి పంపరు.

ఇక్కడి చెల్లింపులూ మారాయి
కాగితం నుంచి కంప్యూటరుకు మారడం మనకూ కొత్త కాదు. 2009కి ముందు తెలుగువారు వీసా ఇంటర్వ్యూ కోసం చెన్నై వెళ్లేవారు. 2006 మార్చిలో హైదరాబాద్ వచ్చిన నాటి అమెరికా అధ్యక్షుడు బుష్ ఇక్కడ కాన్సులేట్ ఏర్పాటును ప్రకటించారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కార్యాలయం తెరిచి, 2009 నుంచి వీసాలివ్వడం మొదలుపెట్టారు. 2023 మార్చి 20న అది నానక్‌రాంగూడలోని సొంత ప్రాంగణానికి మారింది. దీని నిర్మాణ వ్యయం 34 కోట్ల డాలర్లు. వేలిముద్రలు తీసుకునే కేంద్రం అదే సమయంలో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు తరలింది.

రుసుము కట్టే తీరు కూడా అలాగే మారుతూ వచ్చింది. ఒకప్పుడు నిర్ణీత హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు శాఖల్లో కట్టి రశీదు తెచ్చుకునేవారు. 2012 సెప్టెంబరులో ఆ పద్ధతి పోయి నెఫ్ట్ బదిలీ, మొబైల్ చెల్లింపు, యాక్సిస్, సిటీ బ్యాంకు శాఖల్లో నగదు చెల్లింపు వచ్చాయి. 2022 అక్టోబరు నుంచి కట్టిన రోజు మొదలు 365 రోజుల లోపు ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలన్న గడువు అమలైంది. పాస్‌పోర్టుకూ ఒకప్పుడు సికింద్రాబాద్ కార్యాలయం వద్ద డీడీలతో వరుసలో నిలిచేవారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో సొమ్ము కడితేనే సేవాకేంద్రంలో సమయం దొరుకుతోంది.

కంపెనీ కట్టాల్సింది ఉద్యోగి కట్టరాదు
హెచ్1బీ విషయంలో గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. ఆ దరఖాస్తు చేసేది ఉద్యోగి కాదు, అమెరికాలోని యజమాని. అందులో ఉద్యోగుల సంఖ్యను బట్టి 750 లేదా 1,500 డాలర్ల శిక్షణ రుసుము, 500 డాలర్ల మోసాల నిరోధక రుసుము ఉంటాయి. వీటిని యజమానే భరించాలి. శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి నేరుగాగానీ, జీతంలో కోతగాగానీ రాబట్టడం చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు తొలి దశ అయిన కార్మిక ధ్రువీకరణ ఖర్చులనూ ఉద్యోగిపై మోపరాదని 2007 జులై 16 నుంచి నిబంధన ఉంది. ‘హెచ్1బీ వేయిస్తాం, ఫీజు కింద ఇన్ని లక్షలు కట్టండి’ అని అడిగే కన్సల్టెన్సీలను ఆ మాట దగ్గరే అనుమానించాలి.

కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ 2025 సెప్టెంబరు 19న అధ్యక్ష ప్రకటన వెలువడింది. దాన్ని ఆ నెల 21 నుంచి 12 నెలల కాలానికి తెచ్చారు. ఆ సొమ్మును కూడా అమెరికా ప్రభుత్వ చెల్లింపుల వెబ్‌సైటు ద్వారానే కట్టాలని నిర్దేశించారు. అంత పెద్ద మొత్తానికీ కాగితపు చెక్కుకు చోటివ్వలేదు.

నకిలీ చెక్కులతో జాగ్రత్త
వలస కార్యాలయంలో చెల్లకపోయినా అమెరికా బ్యాంకుల్లో క్యాషియర్స్ చెక్కులు కొనసాగుతున్నాయి. ఇంటి అద్దె, కారు కొనుగోలుకు వాడుతూనే ఉన్నారు. దీన్ని ఆసరా చేసుకుని మోసగాళ్లు విద్యార్థులపై వల విసురుతుంటారు. పాత సామాను కొంటామనో, ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఇస్తామనో నమ్మించి, ఎక్కువ మొత్తానికి నకిలీ క్యాషియర్స్ చెక్కు పంపుతారు. మిగిలిన సొమ్ము తిరిగి పంపమంటారు. బ్యాంకు ఒకటి రెండు రోజుల్లో ఖాతాలో సొమ్ము చూపిస్తుంది. చెక్కు నకిలీదని వారాల తర్వాత తేలుతుంది. అప్పుడు మొత్తం సొమ్మును విద్యార్థి ఖాతా నుంచే వెనక్కి తీసుకుంటారు.

వలస అధికారులమంటూ ఫోన్ చేసి, ‘రుసుము బాకీ ఉంది, వెంటనే కట్టకపోతే దేశం నుంచి పంపేస్తాం’ అని బెదిరించేవారూ ఉన్నారు. యూఎస్‌సీఐఎస్ ఫోన్‌లో సొమ్ము అడగదు. గిఫ్టు కార్డులు, వెస్ట్రన్ యూనియన్, మనీగ్రామ్, పేపాల్ ద్వారా రుసుము తీసుకోదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయడమే మార్గం.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి

* పిల్లల దరఖాస్తు రుసుముకు ఇక్కడ డీడీ తీయవద్దు. అక్కడి ఖాతాకు సొమ్ము బదిలీ చేయాలి. బదిలీకి రోజులు పట్టవచ్చు కనుక గడువుకు కనీసం రెండు వారాల ముందే పంపాలి.

* సొమ్ము దరఖాస్తు పంపిన రోజే ఖాతా నుంచి పోదు. కార్యాలయం దరఖాస్తు తెరిచిన రోజున తీసుకుంటుంది. అంతవరకు ఆ మొత్తాన్ని కదిలించకూడదు.

* కార్డు అయితే పరిమితి, గడువు తేదీ సరిచూసుకోవాలి. పెద్ద మొత్తం వెళ్లనుందని బ్యాంకుకు ముందే చెప్పాలి. కార్డు తిరస్కరణకు గురైతే మరోసారి ప్రయత్నించరు, దరఖాస్తును తిప్పి పంపుతారు.

* ఖాతా నుంచి నేరుగా తీసుకునే పద్ధతి ఎంచుకుంటే, అలాంటి ఉపసంహరణలను ఖాతాలో నిలుపు చేసి ఉంచారేమో బ్యాంకును అడిగి తెలుసుకోవాలి. ఖాతా, రూటింగ్ సంఖ్యల్లో ఒక్క అంకె తప్పినా సొమ్ము అందదు.

* రుసుములు, ఫారాలు తరచూ మారుతుంటాయి. దరఖాస్తు పంపే రోజున అధికారిక వెబ్‌సైటులో మొత్తాన్ని, ఫారం తేదీని చూసుకున్నాకే కవరు అంటించాలి.

* ఇంటర్నెట్‌లో వేసే వీలున్న దరఖాస్తును తపాలాలో పంపకపోవడమే మంచిది. చెల్లింపు అందిందో లేదో అదే రోజు తెలిసిపోతుంది. తేడా ఉంటే సరిచేసుకునేందుకు గడువు మిగిలి ఉంటుంది.